పేటపెద్ద పంపిన చామంతుల పటం

ఆ రోజు ఉదయం లియావో వాన్‌ఫూ పెట్టుకున్న పనులు ఎక్కువేం కావు. ముందు జుట్టుకి నల్లరంగు వేయించుకోవాలి. తర్వాత ఇంటికొచ్చి, పేరు కుట్టిన చేతుల్లేని ఆకుపచ్చ కోటు తొడుక్కుని, ఎన్నికల కార్యాలయానికి వెళ్లి నామినేషన్ వేసి రావాలి. గడువు ఆ సాయంత్రంతో సరి. పొద్దున్నే ఆ పని చేసుకుని వచ్చేయవచ్చు. కానీ నెరిసిన తలతో ఫోటో దిగితే జనం పాపం ముసలాయన అనుకుంటారని ఆయన భయం. ఓటరు జాలిపడ్డాడంటే ఓటు పోయినట్టేనని ఆయన సిద్ధాంతం.

జియాయీ నగరంలో మా పాతబావి పేటకి వాన్‌ఫూ నాలుగు దఫాలుగా పెద్ద. ఐదో దఫా కూడా నల్లేరు మీద బండి నడకే అనుకుంటూ ఉండగా, స్కూటర్లు బాగుచేసే డింగ్‌బాంగ్ తానూ పోటీకి దిగుతున్నానన్నాడు. మనిషి చురుకైనవాడు. సాయంత్రం చెత్తబండి పాట వినపడగానే పేట పేటంతా సంచులు పట్టుకుని వీధి మొగలో చేరుతుంది కదా, అతను అక్కడే ఫోన్ని కర్రకి బిగించి లైవ్‌లో మాట్లాడేవాడు. కాలిబాటలో విరిగిన పలకలు, వెలగని దీపాలు, ఖాళీ లేని పార్కింగు, అన్నీ చూపించేవాడు. చూసేవాళ్లు రోజురోజుకీ పెరుగుతున్నారు.

అయినా వాన్‌ఫూ ధీమాగానే ఉన్నాడు. ఆ ధీమా అంతా పొద్దుటి పటం మీద. రోజూ తెల్లవారగానే పేట గ్రూపులోకి పెద్దాయన ఫోన్ నుంచి ఒక పటం వస్తుంది. తామరపువ్వో, కొండమీద మంచో, కునుకు తీస్తున్న పిల్లికూనో, దానిమీద నాలుగు ముక్కలు. "శుభోదయం. రాత్రి నిద్రపట్టనివాళ్లు మధ్యాహ్నం కాసేపు పడుకోండి, ఎవరూ ఏమీ అనరు" లాంటివి. ముసలివాళ్ల పటాలని ఇళ్లలో పిల్లలు నవ్వుకునేవారు. నవ్వుతూనే చూసేవారు. ఆ పటం రాకపోతే మా పేటలో పొద్దు పొడవనట్టే.

ఆ పటాలు చేసేది పెద్దాయన కాదు, ఆయన భార్య యూలాన్. ఈ సంగతి బయట ఒక్కరికీ తెలియదు. ఇంట్లో తెలుసు కానీ, దాన్ని పని కింద ఎవరూ జమకట్టలేదు. అసలు గొడవ అక్కడే వచ్చింది.

"ఎన్నికలు నెత్తిమీదకొచ్చాయి. నువ్వేమో పొద్దస్తమానం నా ఫోన్ పట్టుకుని కూచుంటావు. పూలమీద అక్షరాలు అతికించడం కూడా ఒక పనేనా?" అన్నాడు వాన్‌ఫూ ముందురోజు రాత్రి భోజనాల దగ్గర.

యూలాన్ గిన్నె కింద పెట్టింది. "పని కాదా?"

"పదేళ్ల పిల్లాడు చేస్తాడు."

"అయితే పదేళ్ల పిల్లాణ్ణి వెతుక్కో. దొరక్కపోతే రేపు నువ్వే చెయ్యి. నేను ఫోన్ ముట్టుకోను. నీదీ ముట్టుకోను, నాదీ ముట్టుకోను."

ఆవిడ అన్నంత పనీ చేసింది. తెల్లారేసరికి తన ఫోన్ ఆపేసి బియ్యం డబ్బామీద పెట్టి, బజారులో చేపల ఉండల దుకాణం నడిపే చెల్లెలికి సాయంగా వెళ్లిపోయింది. వాన్‌ఫూ లేచేసరికి భోజనాల బల్లమీద ఆయన ఫోన్ ఒంటరిగా ఆయనకోసం ఎదురుచూస్తోంది.

ఆయనేమీ కంగారుపడలేదు. తుపానులో చెట్టు కూలితే రంపం పట్టినవాణ్ణి, పేటలో ఉన్న మురుక్కాల్వలన్నీ దగ్గరుండి తవ్వించినవాణ్ణి, ఒక పటం చేయలేనా అనుకుని కళ్లజోడు తగిలించాడు. ముందుగా, ఎన్నికల ముందు పిల్లుల్నీ కొండల్నీ చూపించడం దండగని తేల్చాడు. పోటీ చేసేది పిల్లి కాదు కదా. కాబట్టి పోస్టర్లకోసం తీయించిన తన ఫోటోనే ఎంచుకున్నాడు.

అందులో ఆయన వేసుకున్న గులాబీరంగు చొక్కా కొట్టొచ్చినట్టుంది. దాన్ని కాస్త తగ్గిద్దామని ఏదో నొక్కితే రంగులన్నీ ఒక్కసారిగా ఎగిరిపోయి ఫోటో నలుపు తెలుపుల్లోకి మారింది. మొదట ఉలిక్కిపడ్డాడు. తర్వాత దూరంగా పెట్టి చూసుకుంటే ముఖంలో ఎప్పుడూ లేని హుందాతనం కనిపించింది. దాన్ని అలాగే ఉంచాడు. చుట్టూ పెట్టడానికి ఫోన్ రకరకాల పూలు చూపించింది. గులాబీలు పెడితే పెళ్లికొడుకులా ఉన్నాడు. పొద్దుతిరుగుడు పూలు పెడితే నూనె డబ్బా మీది బొమ్మలా ఉన్నాడు. తెల్లచామంతులు పెట్టగానే కుదిరింది. నిజాయితీ ఉట్టిపడింది.

ఇక మాటలు. నాలుగు దఫాల సేవ గుర్తుచేయాలి, ఐదో దఫాకి మాటివ్వాలి, గొప్పలు చెప్పుకున్నట్టు ఉండకూడదు. చాలాసేపు ఆలోచించి ఇలా కొట్టాడు: "ఇన్నాళ్లూ మీ సేవలో గడిపాను. ఇకమీద ఎక్కడున్నా మీ అందరినీ కనిపెట్టుకునే ఉంటాను." రెండుసార్లు చదువుకుని తనకి తనే తలూపుకున్నాడు. చివర్లో వేలు ఎక్కడో తగిలి కింద మూలలో గెంతే కుందేలు ఒకటి వచ్చి కూర్చుంది. ఎంత గోకినా పోలేదు. పిల్లలకి నచ్చుతుందిలే అనుకుని పంపేశాడు.

నలుపు తెలుపు ఫోటో చుట్టూ తెల్లచామంతులు ఎప్పుడు పెడతారో మా ఊళ్లో పసిపిల్లల్ని అడిగినా చెబుతారు. వాన్‌ఫూకి తెలియక కాదు. పేటలో ఎవరు పోయినా ముందువరుసలో నిలబడి దండం పెట్టేది ఆయనే. కానీ ఆ పటాల్లో ఉండేది ఎప్పుడూ వేరేవాళ్లు. ఈ పటంలో ఆయనకి తన ముఖం తప్ప ఇంకేమీ కనిపించలేదు. తప్పుపట్టడానికి లేదు, అద్దం ముందు నిలబడ్డప్పుడు మనమూ అంతే.

నిమిషం తిరక్కుండా జవాబులు మొదలయ్యాయి. జోడించిన చేతుల బొమ్మలు ఒకదాని వెనక ఒకటి బారులు తీరాయి. "నోట మాట రావడం లేదు పెద్దాయనా" అని ఒకరు, "మీలాంటి మనిషి మళ్లీ దొరకడు" అని ఇంకొకరు. యూలాన్ పటాలకి ఏనాడూ ఇన్ని రాలేదు. పదేళ్ల పిల్లాడి పనంటే కోపం వచ్చింది, ఇప్పుడొచ్చి చూడమను అనుకున్నాడు. ఇంతలో ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోవచ్చింది. దాన్ని తీగకి తగిలించి, ఈల వేసుకుంటూ ఊరికి ఆ చివరన ఉన్న పాత స్నేహితుడి క్షౌరశాలకి బయల్దేరాడు.

ఆయన తలకి రంగు పట్టేలోపు ఇక్కడ ఏం జరిగిందో చెప్పాలి.

పటం చూడగానే పేటలో ఎవరికీ అనుమానం రాలేదు. ఇంట్లో మనిషి పోతే వాళ్ల ఫోన్ నుంచే భార్యో పిల్లలో కబురు పెట్టడం ఇప్పుడు మామూలే. యూలానే పెట్టిందనుకున్నారు. కుందేలు సంగతి కొందరు గమనించారు కానీ, ఏడుస్తూ చేసిన పటంలో తప్పులు వెతకడం మర్యాద కాదని ఊరుకున్నారు. పక్కింటి జిన్‌జీ అవ్వ కర్ర పట్టుకుని వెళ్లి తలుపు కొట్టింది. ఎవరూ పలకలేదు. లోపల ఫోన్ మాత్రం మోగి మోగి ఆగుతోంది. అవ్వ వెనక్కి వచ్చి, "రాత్రి యూలాన్ గట్టిగా అరవడం విన్నాను. అప్పుడే అయుంటుంది" అని గ్రూపులో వాయిస్ సందేశం పెట్టింది.

ఆ మాటతో అనుమానం ఉన్నవాళ్లకి కూడా తీరిపోయింది. మొదట గుండెపోటన్నారు. కాసేపటికి స్నానాలగదిలో జారాడన్నారు. మార్కెట్ వేళకి కాలవ మూత ఎత్తబోయి పడ్డాడని స్థిరపడింది. మధ్యాహ్నానికల్లా వాన్‌ఫూ పేటకోసం ప్రాణమిచ్చిన మనిషయ్యాడు. ఇన్ని చావులు ఒక్క మనిషికి ఎలా వచ్చాయని అడిగినవాళ్లు లేరు. గ్రూపులో అడిగేవాడికంటే చెప్పేవాడికే ఎక్కువ చేతులు జోడిస్తారు.

ఈలోగా నగరసభ సభ్యుడి కార్యాలయం నుంచి సంతాపం రాసిన తెల్లగుడ్డ వచ్చేసింది. ఇలాంటి విషయాల్లో ఆయన అంబులెన్సుకంటే ముందుంటాడు. వీధిలో ఇనప గొట్టాలు నిలబెట్టి టెంటు వేశారు. ఇద్దరు మనుషులు లారీలోంచి, మా వైపు పూలదండకి బదులు చావింటికి పంపే చల్లటి పానీయాల డబ్బాలతో కట్టిన గోపురం దింపారు, అంతస్తు మీద అంతస్తు, పైన కాగితపు పూలు. ఆడవాళ్లు బల్లల చుట్టూ చేరి పోయిన మనిషి దారికోసం కాగితపు తామరలు మడవడం మొదలుపెట్టారు. శవం ఏదని ఎవరో అడిగితే, ఆస్పత్రిలో ఉంటుందని ఎవరో చెప్పారు. అది సబబుగానే తోచింది.

అక్కడ క్షౌరశాలలో వాన్‌ఫూ రంగు పెట్టించుకుని, చెవులు శుభ్రం చేయించుకుని, కుర్చీలోనే హాయిగా నిద్రపోయాడు. లేచి చూసుకుంటే జుట్టు కాకిరెక్కలా ఉంది. చెవులకీ చెంపలకీ కూడా రంగు అంటింది. ఎంత రుద్దినా పోకపోయేసరికి టోపీ కళ్లదాకా దించి, ముఖానికి పెద్ద మాస్కు తగిలించుకున్నాడు. దారిలో టర్కీకోడి మాంసం అన్నం తిని, మధ్యాహ్నం ఎండలో తన వీధి మలుపు తిరిగాడు.

టెంటు చూసి ఆగిపోయాడు. తన పేటలో ఒక మనిషి పోతే తనకి తెలియకపోవడం ఏమిటని చిన్నబుచ్చుకున్నాడు. నామినేషన్ రోజున ముందువరుసలో తను లేకపోతే ఆ డింగ్‌బాంగ్ ఉంటాడు. గబగబా వెళ్లి చివరి బల్ల దగ్గర నిలబడి, "ఎవరు పోయారవ్వా?" అని అడిగాడు.

జిన్‌జీ అవ్వ తల ఎత్తలేదు. "మా పేటపెద్ద. నువ్వు శవపెట్టెలవాళ్ల తాలూకు మనిషివా?"

"ఏ పేటపెద్ద?"

"పేటకి పదిమందుంటారా? వాన్‌ఫూ. నిలబడి ఎండ మింగకపోతే ఇలా కూచుని నాలుగు కాగితాలు మడవరాదూ."

వాన్‌ఫూ పక్కనున్న కుర్చీ లాక్కున్నాడు. కూర్చున్నాడు. అప్పుడే మాస్కు తీసి నేను బతికే ఉన్నానని చెప్పవలసింది. నిజానికి నోరు తెరిచాడు కూడా. కానీ పక్కనున్న సోయాపాల దుకాణం చ్యూయున్ ముక్కు చీదుకుని, "బంగారం లాంటి మనిషి" అంది. తన వెనక జనం ఏమనుకుంటారో వినే భాగ్యం ఎంతమందికి దక్కుతుంది? కాస్సేపు విందామని ఆయన తెరిచిన నోరు మూసుకుని కాగితం అందుకున్నాడు.

"మా ఆయన ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ పెద్దాయన రోజూ నాకు రాశారు. తిన్నావా, పడుకున్నావా, ఇవాళ తోడెవరున్నారు అని. మా అన్నదమ్ములు కూడా అడగలేదు" అంది చ్యూయున్.

వాన్‌ఫూ చేతిలో మడత తప్పింది. చ్యూయున్ మొగుడు ఆస్పత్రిలో ఉన్నాడన్న సంగతే ఆయనకి తెలియదు.

"నాకు మోకాలి పట్టీ వేసుకున్నావా అని రాసేవాడు. వేసుకోకపోతే ఎలా కనిపెట్టేవాడో ఏమో, మళ్లీ రాసేవాడు" అంది అవ్వ. "అయితే అదంతా ఫోన్లోనే. ఎదురుపడితే మాత్రం..."

"ఎదురుపడితే ఏం?" అన్నాడు వాన్‌ఫూ.

"ఉప్పులేని గంజి. నా మనవరాలి పెళ్లికి పిలవడానికి వెళ్తే ఏమన్నాడో తెలుసా? మీ గుమ్మం ముందు కాలవ మూత చూసుకోండి, జనం ఎక్కువొస్తారు అన్నాడు. శుభమా అని పిలవడానికి వెళ్తే ఆ మాట."

"మూత విరిగే ఉంది కదా మరి" అన్నాడు వాన్‌ఫూ నోరు జారి.

"నీకెలా తెలుసు?"

"అనుకుంటుంటే విన్నాను."

చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే చెప్పుకొచ్చారు. పరీక్ష తప్పిన పిల్లకి ఆయన రాసిన ముక్క, విడాకులైన మనిషికి పండగనాడు పంపిన పటం, కొత్తగా అద్దెకొచ్చినవాళ్ల వియత్నాం కోడలికి కూరల దుకాణాలు ఎక్కడున్నాయో చెప్పిన వైనం. వింటున్నకొద్దీ వాన్‌ఫూ చిన్నబోయాడు. అంతమంది ఏడుస్తున్నది ఆయన పేరుమీదే, కానీ అందులో ఏ ఒక్కటీ ఆయన చేసింది కాదు. తన పేరు పెట్టుకుని ఎవరో మంచి మనిషి ఇన్నేళ్లూ ఈ పేటలో బతికాడు. ఆ మనిషంటే ఆయనకి అసూయ కలిగింది. ఆ మనిషి తన వంటింట్లోనే ఉందన్న సంగతి గుర్తొచ్చాక సిగ్గు కూడా కలిగింది.

అప్పుడే డింగ్‌బాంగ్ వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అలవాటు కొద్దీ కర్రా ఫోనూ చేతిలోనే ఉన్నాయి. జ్యోతిష్కుడు చెప్పిన మంచి ఘడియ చూసుకుని ఆ మధ్యాహ్నమే నామినేషన్ వేద్దామనుకున్నవాడు, గోపురం ముందు మూడుసార్లు వంగి దండం పెట్టి, ఫోన్ వైపు తిరిగాడు.

"పోయిన మనిషిమీద పోటీ చేసే రకం కాదు నేను. ఈసారి నేను నిలబడట్లేదు. మా అన్న చోటులో యూలాన్ వదిన నిలబడాలి. ఇది నా మాట."

జనం చప్పట్లు కొట్టబోయి, సందర్భం గుర్తొచ్చి ఆగారు. భర్త పోతేనో జైలుకెళ్తేనో ఆ చోటులో భార్య నిలబడటం మా వైపు కొత్తేం కాదు. అలా నిలబడినవాళ్లు ఓడిపోతేనే కొత్త. వాన్‌ఫూ మాత్రం మడుస్తున్న కాగితం కింద పెట్టేశాడు. చావంటే సరదాగానే ఉంది కానీ, పదవి పోవడం ఆయన అనుకున్నది కాదు. గడియారం చూసుకున్నాడు. కార్యాలయం మూయడానికి ఇంకా వ్యవధి ఉంది. లేవబోయాడు.

సరిగ్గా అప్పుడు యూలాన్ స్కూటర్ టెంటు ముందు ఆగింది. ఒంటిమీద దుకాణపు ఏప్రన్ అలాగే ఉంది. బజారులో ఎవరో వచ్చి చేతులు పట్టుకుని ఓదార్చినప్పుడు ఆవిడ నిజంగానే బోరుమని ఏడ్చిందట. రాత్రి అన్న మాటలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయట. ఆ తర్వాత పటం చూపించారు. మూలన గెంతుతున్న కుందేల్ని చూడగానే ఏడుపు ఆగిపోయింది. ఇంత ఘోరంగా పటం చేయగలిగిన మనిషి బతికే ఉండి తీరాలని ఆవిడకి నిమిషంలో తెలిసిపోయింది. బతికుంటే తనే చంపుదామని బయల్దేరింది.

జనం చుట్టుముట్టారు. "వదినా, ఏడవడానికి తర్వాత టైముంది. కార్యాలయం మూసేస్తారు. ముందు నామినేషన్ వేద్దాం పదండి" అన్నాడు డింగ్‌బాంగ్.

యూలాన్ కళ్లు టెంటంతా వెతికాయి. చివరి బల్ల దగ్గర టోపీ కింద నల్లగా మెరుస్తున్న రెండు చెవులు కనిపించాయి. ఆ చెవులు ఆవిడకి పెళ్లినాటినుంచి పరిచయం.

"నన్ను కాదు. అదిగో, ఆ వెనకాల తామరలు మడుస్తున్న ఆయన్ని అడగండి" అంది.

అందరూ వెనక్కి తిరిగారు. వాన్‌ఫూ లేచి నిలబడి టోపీ తీశాడు, మాస్కు తీశాడు. వయసులో ఉన్నప్పటి నల్లజుట్టుతో, నల్లటి చెవులతో పోయిన మనిషి ఎదురుగా నిలబడేసరికి గోపురం దగ్గరున్న ఇద్దరు దాని వెనక్కి దూరారు. జిన్‌జీ అవ్వ మాత్రం బెదరలేదు. ఇలాంటి చోటికి దయ్యాల్ని తోలే ఉప్పూ బియ్యం లేకుండా రాదు ఆవిడ. సంచిలోంచి గుప్పెడు తీసి ఆయన ముఖాన కొట్టింది.

"వెళ్లు నాయనా, వెళ్లిపో. ఇక్కడ నీకేం బాకీ లేదు."

"అవ్వా, నేను చావలేదు."

"అందరూ అదే అంటారు."

రెండో గుప్పెడు కూడా పడ్డాక, వాన్‌ఫూ ఉప్పు ఉమ్ముకుంటూ పొద్దుటి పటం కథంతా చెప్పాడు. కొందరు నమ్మారు. అవ్వ నమ్మలేదు. ముఖం ఎవరైనా పెట్టుకోవచ్చని, ఈరోజుల్లో ఫోన్లో పెద్దపెద్దవాళ్ల ముఖాలు పెట్టుకుని డబ్బులు కొట్టేస్తున్నారని ఆవిడ వాదన. "నువ్వు వాన్‌ఫూవే అయితే చెప్పు. నా గోరింక చచ్చిపోయిన రోజు నాకేం రాశావు?"

అవ్వకి గోరింక ఉండేదని వాన్‌ఫూకి గుర్తుంది. అది చిమ్మిన గింజలు కాలవలో పడేవి, అంతవరకే తెలుసు.

"పంజరం తలుపు మూయకు అవ్వా, గాలైనా వచ్చి కూచుంటుంది అని" అంది యూలాన్ మెల్లిగా.

అవ్వ చేతిలో ఉన్న మూడో గుప్పెడు అలాగే ఆగింది.

"నేను పోటీకి దిగుతున్నానని చెప్పిన రోజు నాకేం రాశావన్నా?" అని అడిగాడు డింగ్‌బాంగ్. అతను నవ్వడం లేదు.

వాన్‌ఫూ భార్య వైపు చూశాడు. ఆవిడ ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటోంది. "ఎండలో టోపీ లేకుండా తిరగకు, మంచినీళ్లు దగ్గర పెట్టుకో అని రాశాను."

"నామీద నిలబడ్డవాడికి మంచినీళ్లు తాగమని రాశావా?"

"ఎండాకాలం కదా మరి."

ఇంకేమీ అడగాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు. టెంటు కింద అందరూ యూలాన్‌నే చూస్తున్నారు, కొత్త మనిషిని చూస్తున్నట్టు. వాన్‌ఫూ తలమీది బియ్యం దులుపుకుని, ఉప్పు తగిలి మండుతున్న కళ్లు తుడుచుకున్నాడు. ఆ తుడవడంలో ఉప్పు వంక ఎంతో, అసలు ఏడుపు ఎంతో పక్కనున్నవాళ్లకి తెలియలేదు.

"పొద్దుణ్ణుంచి నాకోసం ఏడ్చారు. అందులో నా వాటా ఏమైనా ఉందా?" అన్నాడు.

అందరూ కాగితపు తామరలు సర్దడంలో పడ్డారు. చివరికి జిన్‌జీ అవ్వే నోరు విప్పింది. అబద్ధమాడటం ఆవిడ ఒంటికి పడదు. "కాలవల ప్రస్తావన వచ్చినప్పుడు కొంచెం ఏడ్చాం."

వాన్‌ఫూకి అది చాలా ఎక్కువనే అనిపించింది. నవ్వొచ్చింది కూడా. ఇంట్లోకి వెళ్లి, పొద్దున్నే మేకుకి తగిలించి ఉంచిన ఆకుపచ్చ కోటు తెచ్చి యూలాన్ ముందు పెట్టాడు. ఇంకా సమయం ఉంది, నీ గుర్తింపు కార్డు తెచ్చుకో అన్నాడు. డింగ్‌బాంగ్ కర్ర పైకెత్తాడు. ఎవరో ఫోటో స్టూడియోకి ఫోన్ చేస్తానన్నారు. ఇంకెవరో మంచి ఘడియ ఇంకా దాటలేదన్నారు. ఒకరిమాట ఒకరికి వినపడకుండా అందరూ కలిసి ఆవిణ్ణి గెలిపించేశారు.

"ఆగండి" అంది యూలాన్. గట్టిగా అనలేదు. అయినా అందరూ ఆగారు. "మీరు మీరు మాట్లాడేసుకుంటున్నారు. నిలబడతావా అని నన్నెవరైనా అడిగారా?"

ఎవరూ అడగలేదు. వాన్‌ఫూ గొంతు సవరించుకున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిణ్ణి ఏదైనా అడగడం ఆయనకి అలవాటు లేదు. చెప్పడమే అలవాటు.

"నిలబడతావా?"

ఆవిడ కోటు తీసుకుని దానిమీద కుట్టిన పేరు వేలితో తడిమింది. "నిలబడతాను. కానీ నీ చోటులో కాదు. ఇన్నాళ్లూ నీ పేరుతో రాశాను, అందుకు నాకేం బాధ లేదు. ఇకమీద ఏది రాసినా నా పేరుతో రాస్తాను. ఈ దారం నువ్వే విప్పాలి, నేను విప్పను."

వాన్‌ఫూ బల్ల దగ్గర కూర్చుని, కాగితాలు కత్తిరించే కత్తెరతో తన పేరు ఒక్కొక్క పోగూ విప్పాడు. కాసేపు పట్టింది. మధ్యలో ఒక అక్షరం దగ్గర చేయి ఆగింది. యూలాన్ చూసింది కానీ తొందరపెట్టలేదు. ఇంతసేపూ తన మొక్కూ తన దండమూ వృథా అయ్యాయని గొణుగుతున్న డింగ్‌బాంగ్‌ని, నువ్వూ వేసెయ్యి, ఇప్పుడు అడ్డేముంది అన్నారెవరో. అతను ఫోన్ చూపించాడు. నిలబడనని అన్న మాట అప్పటికే ఊరంతా పాకింది. కింద జోడించిన చేతులు బారులు తీరి ఉన్నాయి.

"వెనక్కి తీసుకోవాలని నాకూ లేదు. ఆ మంచినీళ్ల ముక్క నా ఫోన్లో దాచుకున్నాను" అన్నాడు.

పేటంతా దారి ఇస్తే వాన్‌ఫూ తన స్కూటర్ తీశాడు. యూలాన్ పేరులేని కోటు తొడుక్కుని వెనక కూర్చుంది. మలుపు దగ్గర ఆవిడ ఏదో అంది, ఆయన నవ్వాడు. ఏమందో మాకు వినపడలేదు. వెనక అవ్వ, గోపురంలోని డబ్బాలు ఎండకి పాడవుతాయి, తలా ఒకటి తాగండి అని పంచిపెట్టడం మొదలుపెట్టింది.

కార్యాలయంలో గడువు ముగియడానికి ఇంకా కాసేపుంది. బల్ల వెనకున్న గుమాస్తా యూలాన్ కాగితాలు చూశాడు, పేట పేరు చూశాడు. నగరసభ సభ్యుడి సంతాపం అప్పటికే ఆయన ఫోన్లోకీ చేరింది. లేచి నిలబడి, రెండు చేతులూ జోడించాడు.

"మీవారు పోయారని ఇప్పుడే చూశానమ్మా. చాలా బాధగా ఉంది."

"పోలేదు. బయట బండి పెట్టడానికి చోటు వెతుకుతున్నాడు" అంది యూలాన్.

పేటపెద్ద భర్తగా అప్పటినుంచీ ఆయన ఉద్యోగం అదే.